ఇల్లు, షాపు, పొలం పిల్లలకి ఇవ్వాలంటే వీలునామానా, గిఫ్ట్ డీడా, పంపకమా?

శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజు లేఖరి ముందు కూర్చున్న పెద్దాయన మొదట అడిగేది ఒక్కటే, "ఏది తక్కువలో అయిపోద్ది బాబూ?" అని. అడగడంలో తప్పు లేదు, కష్టపడి సంపాదించిన డబ్బు. కానీ ఫీజు ఆ ఒక్క రోజుతో సరి, రాసిన కాగితం మాత్రం మీరు బతికున్నన్నాళ్లూ, ఆ తర్వాత మీ పిల్లలు ఆ ఆస్తి అమ్ముకునేదాకా వెంట వస్తుంది. ఇంకోటి, ఇల్లూ షాపూ పొలమూ మూడూ కలిపి ఒకే దస్తావేజులో తేల్చేస్తే ఓ పని అయిపోతుందనుకుంటారు. నన్నడిగితే చాలా ఇళ్లల్లో మూడింటికీ మూడు రకాల కాగితాలు రాయడమే మంచిది. ఎందుకో చెప్తాను.

ఉదాహరణకి ఒక కుటుంబం అనుకుందాం. నరసన్నపేట బజారులో సొంత గదిలో బట్టల షాపు, శ్రీకాకుళంలో ఓ ఇల్లు, సొంతూళ్లో తాత నాటి పొలం రెండెకరాలు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పెద్దవాడు షాపు చూస్తున్నాడు, చిన్నవాడు హైదరాబాద్‌లో ఉద్యోగం, అమ్మాయిని బొబ్బిలి ఇచ్చారు. ఆ పెద్దాయన వయసు డెబ్బైకి దగ్గర. కింద చెప్పేదంతా ఈ ఇంటిని మనసులో పెట్టుకుని చదవండి, మీ ఇంటికి సరిపడా మార్చుకోండి.

ముందు తేల్చుకోవాల్సిన విషయాలు

అన్నిటికంటే ముందు, ఆ ఆస్తి మీకు ఎలా వచ్చింది? ఇది తేలకుండా ఏ కాగితం రాసినా గాల్లో మేడే. మీ సంపాదనతో మీ పేరున కొన్నది స్వార్జితం. దాన్ని ఎవరికి ఇవ్వాలో మీ ఇష్టం, పిల్లలు ఇప్పుడే వాటా అడగడానికి లేదు. తాతల నుంచి ఉమ్మడి కుటుంబ ఆస్తిగా వస్తున్నదైతే మీ పిల్లలకి పుట్టుకతోనే హక్కు ఉంటుంది, అందులో కూతురు కూడా కొడుకుతో సమానమే. ఇక్కడో మెలిక ఉంది. 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక మీ నాన్నగారు తన స్వార్జితాన్ని వీలునామా లేకుండా వదిలి చనిపోతే, అందులో మీకు వచ్చిన వాటా మీ సొంత ఆస్తి కిందే లెక్క, మీ పిల్లలకి అందులో పుట్టుకతో హక్కు రాదు. "తాత ఆస్తి కదా, మనవడికి హక్కుంది" అని రచ్చబండ మీద తేల్చే తీర్పులు చాలావరకు ఇక్కడే తప్పుతాయి. కాబట్టి లింక్ డాక్యుమెంట్లు, అంటే ఆస్తి చేతులు మారుతూ వచ్చిన పాత దస్తావేజులు తీసి, ఎవరు కొన్నారు, ఎప్పుడు పోయారు, అప్పట్లో పంపకం జరిగిందా లేదా అన్నది ఓ కాగితం మీద వరసగా రాసుకోండి.

రెండోది, సంతకం పెట్టాక పట్టు ఎవరి చేతిలో ఉంటుంది. మూడోది ఖర్చు. నాలుగోది పన్ను, అదీ ఇవాళ కట్టేది ఒక్కటే చూస్తే చాలదు, రేపు పిల్లలు అమ్మినప్పుడు కట్టేది కూడా చూడాలి. అయిదోది, మీ తదనంతరం కోర్టుకి వెళ్తే ఆ కాగితం నిలబడుతుందా లేదా.

ఇంకో చిన్న మాట. నేను రాసేదంతా హిందూ కుటుంబాల లెక్కలో ఉంటుంది. ముస్లిం కుటుంబాల్లో వీలునామా రాసినా, వారసుల ఒప్పుకోలు లేకుండా మూడో వంతు దాటి బయటివాళ్లకి వెళ్లదు, నోటి మాటతో స్వాధీనం అప్పగించి చేసే హిబా కూడా చెల్లుతుంది. క్రైస్తవులకి భారత వారసత్వ చట్టం 1925 వర్తిస్తుంది, అక్కడ పిల్లలకి పుట్టుకతో హక్కు అన్న మాటే లేదు.

వీలునామా

మీరు పోయేదాకా ఏమీ మారదు. ఇల్లు మీదే, అద్దె మీదే, రేపు మనసు మారితే చింపేసి ఇంకోటి రాసుకోవచ్చు. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్ల కాగితం మీద మీరు సంతకం చేసి, ఇద్దరు సాక్షులు సంతకం పెడితే చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయించమనే చెప్తాను, ఎందుకంటే మన కోర్టుల్లో వీలునామా మీద వచ్చే మొదటి వాదన "ఇది మా నాన్న సంతకం కాదు" అనేదే. కోర్టు ధ్రువీకరణ, అదే ప్రొబేట్, మన జిల్లాల్లో తప్పనిసరి కాదు.

సాక్షుల విషయంలో మనవాళ్లు పెద్దగా ఆలోచించరు. తన ఈడు స్నేహితుల్నే తీసుకెళ్తారు, వీలునామా అవసరపడే రోజుకి వాళ్లూ ఉండరు. గొడవ వస్తే కనీసం ఒక సాక్షిని కోర్టులో నిలబెట్టాలి, కాబట్టి మీకంటే చిన్నవాళ్లని, ఊళ్లో ఉండేవాళ్లని, ఆస్తిలో వాటా లేనివాళ్లని పెట్టండి. వయసు మీద పడితే ఆ రోజే ఒక డాక్టరు దగ్గర మతి స్థిమితంగా ఉందని సర్టిఫికెట్ తీసుకోండి. ఆస్తి ఎవరికి వస్తుందో ఆ కొడుకే లేఖరితో మాట్లాడి, రాయించి, చేయి పట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్తే కోర్టు ఆ వీలునామాని అనుమానంగా చూస్తుంది. ఒక బిడ్డకి ఏమీ ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదో ఒక వాక్యం రాయండి, "అమ్మాయికి పెళ్లప్పుడు ఫలానా స్థలం ఇచ్చాను కాబట్టి" అని. ఆ ఒక్క వాక్యం చాలా పని చేస్తుంది.

లోపాలు ఏంటంటే, రిజిస్టరైన వీలునామా ఉన్నా తర్వాత రాసిన మామూలు కాగితం సరిగ్గా ఉంటే అదే చెల్లుతుంది, అంటే ఎవరి దగ్గర ఇంకో వీలునామా ఉందో చివరిదాకా తెలియదు. ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే ఈసీలో కూడా వీలునామా కనిపించదు. బ్యాంకు అప్పు కావాల్సిన కొడుకుకి ఇది ఇవాళ దేనికీ పనికిరాదు.

ఒక సంగతి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఉమ్మడి ఆస్తిలో ఇంకా విడిపోని మీ వాటాని మిగతా వాటాదారుల ఒప్పుకోలు లేకుండా గిఫ్ట్ ఇస్తే చెల్లదు. మన ఆంధ్ర నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు 1987లో ఈ మాట చెప్పింది. అదే వాటాని వీలునామాలో రాయడానికి మాత్రం చట్టం ఒప్పుకుంటుంది. తాతల నాటి పొలం ఉన్న ఇళ్లల్లో ఎంపిక సగం ఇక్కడే తేలిపోతుంది.

గిఫ్ట్ డీడ్, అంటే దాన సెటిల్‌మెంట్

ఇచ్చారంటే ఇచ్చేసినట్టే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఇద్దరు సాక్షులు ఉండాలి, పుచ్చుకునేవాళ్లు మీరు బతికుండగానే స్వీకరించాలి. ఆ రోజు నుంచి ఆస్తి వాళ్లది, వాళ్లు తాకట్టు పెట్టుకోవచ్చు, అమ్ముకోవచ్చు, వాళ్ల అప్పులవాళ్లు జప్తుకి కూడా రావచ్చు. మనసు మారిందని మీరొక్కరే వెళ్లి రద్దు చేసుకోవడం కుదరదు. మేలు ఏంటంటే, మీ తదనంతరం పిల్లలు వారసుల సర్టిఫికెట్ల చుట్టూ తిరగక్కర్లేదు, మిగతావాళ్లు సవాలు చేయడం కూడా వీలునామాతో పోలిస్తే కష్టం.

కొడుకు చూడకపోతే? 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో సెక్షన్ 23 ఉంది. అరవై దాటినవాళ్లు, తమని చూసుకోవాలన్న షరతుతో ఆస్తి ఇచ్చి, పుచ్చుకున్నవాళ్లు చూడకపోతే ఆ దస్తావేజుని ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. మన దగ్గర ఆ ట్రిబ్యునల్ ఆర్డీఓ గారే. 2022లో సుప్రీంకోర్టు షరతు ఉన్నట్టు చూపించాలంది, 2025 జనవరిలో ఇంకో తీర్పులో ఈ చట్టాన్ని పెద్దల పక్షాన ఉదారంగా చదవాలంది. ఏ తీర్పు ఎలా ఉన్నా, మీరు రాయించేటప్పుడే "నాకు, నా భార్యకి జీవితాంతం తిండి, వసతి, వైద్యం చూడాలి, చూడకపోతే ఈ దస్తావేజు రద్దు చేసుకునే హక్కు నాకుంది" అని రాయించండి. లేఖరి దగ్గరున్న పాత నమూనాలో ఆ వాక్యం ఉండకపోవచ్చు. "కన్నకొడుకుతో షరతులేంటి" అని ఇంట్లో మొహమాటపడతారు, ఆ మొహమాటమే తర్వాత ఆర్డీఓ ఆఫీసు మెట్లు ఎక్కిస్తుంది.

జీవిత హక్కు ఉంచుకుని సెటిల్‌మెంట్

ఇది వీలునామాకీ గిఫ్ట్‌కీ మధ్యది, మనవాళ్లు తగినంతగా వాడుకోనిది. ఆస్తి హక్కు ఇవాళే కొడుక్కో కూతురికో వెళ్తుంది, కానీ మీరూ మీ ఆవిడా బతికున్నంతకాలం అందులో ఉండే హక్కు, అద్దె తీసుకునే హక్కు మీకే ఉంటాయి. ఇలా స్వాధీనం అట్టే పెట్టుకుని ఇచ్చినా గిఫ్ట్ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. పిల్లలకి "ఇది నాదే" అన్న ధీమా, మీకు "నన్నెవరూ బయటికి పంపలేరు" అన్న ధీమా. అయితే దస్తావేజులో భార్య పేరు కూడా రాయించండి. చాలావాటిలో "నా జీవితకాలం" అని ఒక్క తండ్రి మాటే ఉంటుంది, ఆయన పోయాక ఆవిడ పరిస్థితి ఏంటో కాగితంలో ఉండదు. ఇబ్బంది ఒకటే, జీవిత హక్కు ఉన్న ఇంటి మీద బ్యాంకులు అప్పు ఇవ్వడానికి వెనకాడతాయి, అమ్మాలంటే మీరూ సంతకం పెట్టాలి.

పంపకం, హక్కు విడుదల

మన వాడుకలో పిల్లలకి ఏది ఇచ్చినా పంపకమే. చట్టంలో మాత్రం ఇప్పటికే వాటా ఉన్నవాళ్లు విడగొట్టుకోవడమే పంపకం. మీ స్వార్జితమైన ఇంటిని బతికుండగా ముగ్గురికీ రాసిస్తే అది పంపకం అవ్వదు, పేరు ఏం పెట్టినా అది గిఫ్టే. తాతల నాటి ఉమ్మడి పొలం, లేదా తండ్రి పోయాక అమ్మతో సహా పిల్లలందరికీ వచ్చిన ఆస్తి అయితే అది నిజమైన పంపకం.

తండ్రి వీలునామా లేకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి బతికుంటే ఆవిడ కూడా సమాన వారసులు. నాయనమ్మని మర్చిపోయి పంచుకున్న కాగితాలు ఎన్నో, ఆవిడ సంతకం లేకపోతే ఆవిడ వాటా అలాగే ఉంటుంది, ఆవిడ పోయాక అది ఆవిడ కూతుళ్లకి, అంటే మేనత్తలకి కూడా వెళ్తుంది.

ఊళ్లో పెద్దమనుషుల ముందు తెల్ల కాగితం మీద రాసుకున్న పంపకాల జాబితా సంగతి వేరే. నోటితో ఎప్పుడో పంచుకుని, ఆ తర్వాత గుర్తు కోసం రాసుకున్న జాబితా అయితే రిజిస్ట్రేషన్ లేకపోయినా కోర్టు చూస్తుంది. "ఈ రోజు నుంచి ఇది నీది, అది నాది" అని ఆ కాగితంతోనే పంచుకుంటే రిజిస్టర్ చేయాల్సిందే, లేకపోతే హక్కు రుజువుకి పనికిరాదు.

కూతుళ్ల సంగతి. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచే, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చారు. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా కూతుళ్లందరికీ వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న సందేహాన్ని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్చేసింది, అక్కర్లేదని. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలని మాత్రం కదపరు. కాబట్టి "పసుపు కుంకుమ కింద అప్పుడే అరెకరం ఇచ్చేశాం" అంటే చాలదు. ఆ అరెకరం అమ్మాయి పేరున ఎక్కిందా? ఎక్కకపోతే ఇచ్చినట్టు అన్నలకి, తీసుకున్నట్టు ఆవిడకి, ఇద్దరికీ రుజువు లేనట్టే. అమ్మాయి ఇష్టపడి వాటా వదులుకుంటే రిజిస్టర్డ్ హక్కు విడుదల దస్తావేజు రాయించండి, డబ్బు ఇచ్చి ఉంటే ఎంత ఇచ్చారో బ్యాంకు ద్వారా ఇచ్చి అందులోనే రాయండి. పండక్కి వచ్చిన పిల్లని కారెక్కే ముందు ఆఫీసుకి తీసుకెళ్లి సంతకం పెట్టించే పద్ధతి మానేయడం మంచిది, తర్వాత "చదివి వినిపించలేదు" అన్న కేసు అక్కడే పుడుతుంది.

కొడుకు పేరున సేల్ డీడ్

డబ్బు చేతులు మారకుండా ఇది రాయకండి. "సేల్ డీడ్ అయితే ఎవరూ కదపలేరు" అన్న మాట విని కొందరు రాస్తారు. మన రాష్ట్రంలో క్రయానికి స్టాంపు, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 40 లక్షల ఇంటికి 3 లక్షలు. పైగా తండ్రికి అమ్మిన లాభం మీద పడే క్యాపిటల్ గెయిన్స్ పన్ను, కొడుకు ఆ డబ్బు ఎక్కడిదో చూపించాలి. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, అంతకుమించి నగదు తీసుకుంటే అంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. విలువ 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాళ్లు ఇచ్చే డబ్బులోంచి 1 శాతం పన్ను పట్టి, అదే టీడీఎస్, కట్టాలి, వ్యవసాయ భూమికి తప్ప. కుటుంబ సభ్యుల మధ్య గిఫ్ట్, పంపకం, విడుదల దస్తావేజులకి సుంకం దీనికంటే చాలా తక్కువ. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో మీ ఊరి సర్వే నంబరు కొట్టి లెక్క చూసుకోవచ్చు. వారసత్వంగా వచ్చిన వ్యవసాయ భూముల పంపకానికి సుంకాన్ని నామమాత్రం చేస్తామని 2025లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది, పొలం వరకు ముందు సచివాలయంలో అడిగి వెళ్లండి.

| చూడాల్సింది | వీలునామా | గిఫ్ట్ | జీవిత హక్కుతో సెటిల్‌మెంట్ | పంపకం | సేల్ డీడ్ |
|---|---|---|---|---|---|
| హక్కు ఎప్పుడు మారుతుంది | మీ తదనంతరం | వెంటనే | వెంటనే, అనుభవం మీది | వెంటనే | వెంటనే |
| మార్చుకోవచ్చా | ఎన్నిసార్లయినా | షరతు రాస్తే తప్ప లేదు | షరతు రాస్తే తప్ప లేదు | అందరూ ఒప్పుకుంటేనే | లేదు |
| రిజిస్ట్రేషన్ | ఐచ్ఛికం, చేయిస్తే మేలు | తప్పనిసరి | తప్పనిసరి | దస్తావేజు అయితే తప్పనిసరి | తప్పనిసరి |
| ఖర్చు | అతి తక్కువ | తక్కువ | తక్కువ | తక్కువ | 7.5 శాతం |
| ఇచ్చేవాళ్లకి పన్ను | లేదు | లేదు | లేదు | లేదు | ఉంటుంది |
| కొడుక్కి బ్యాంకు అప్పు | రాదు | వస్తుంది | కష్టం | వస్తుంది | వస్తుంది |
| విడిపోని ఉమ్మడి వాటాకి | పనికొస్తుంది | ఒప్పుకోలు లేకుండా చెల్లదు | ఒప్పుకోలు లేకుండా చెల్లదు | సరైనది ఇదే | విడగొట్టుకోకుండా కొనేవాళ్లు దొరకరు |

పన్ను లెక్కలో మనవాళ్లు చూడనివి

తండ్రి నుంచి, తల్లి నుంచి, అన్నదమ్ముల నుంచి, భార్యాభర్తల మధ్య వచ్చిన గిఫ్ట్ ఎంతైనా పుచ్చుకున్నవాళ్లకి ఆదాయపు పన్ను లేదు. బంధువు కాని వాళ్ల నుంచి 50,000 దాటితే పన్ను ఉంది. బంధువు ఎవరన్నది చట్టం తన పద్ధతిలో రాసుకుంది. బాబాయి అన్న కొడుక్కి ఇస్తే పన్ను లేదు, అదే అన్న కొడుకు బాబాయికి ఇస్తే ఆయనకి పన్ను పడుతుంది. పిల్లల్లేని దంపతులకి మేనల్లుళ్లో అన్న కొడుకులో ఇల్లు రాసిచ్చే సందర్భాల్లో ఇది చూసుకోవాలి. వీలునామా ద్వారా వస్తే మాత్రం ఎవరి నుంచి వచ్చినా పన్ను లేదు.

అద్దెకిచ్చిన షాపు గదిని భార్య పేరునో కోడలి పేరునో గిఫ్ట్ రాస్తే పన్ను తగ్గుతుందనుకుంటారు. తగ్గదు, ఆ అద్దె ఇచ్చినవాళ్ల ఆదాయంలోనే కలుపుతారు. మేజరైన కొడుక్కో కూతురికో ఇస్తే అలా కలపరు.

పిల్లలు తర్వాత అమ్మినప్పుడు ఖరీదు కింద మీరు కొన్న ధరే లెక్క, 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ నాటి మార్కెట్ విలువ తీసుకోవచ్చు, అయితే అది ఆనాటి ప్రభుత్వ విలువ దాటకూడదు. ఆ విలువ ఎంత అవసరమో చూడండి. నాన్న 1998లో కొన్న స్థలం మీకు 2015లో గిఫ్ట్‌గా వచ్చింది, 2025-26లో 40 లక్షలకి అమ్మారు. 2001 విలువ 2 లక్షలైతే లాభం 38 లక్షల మీద 12.5 శాతం, 4.75 లక్షలు. ద్రవ్యోల్బణ సూచీ 376తో పెంచి 20 శాతం కట్టే పాత పద్ధతిలో దాదాపు 6.5 లక్షలు, కాబట్టి మొదటిదే నయం. అదే 2001 విలువ 8 లక్షలని తేలితే మొదటి పద్ధతిలో 4 లక్షలు, రెండో పద్ధతిలో రెండు లక్షల లోపే. సెస్సు వేరే. 2024 జులై 23కి ముందు వచ్చిన ఇళ్లు, స్థలాలకి, దేశంలో ఉండే వ్యక్తులకి ఈ రెండింట్లో తక్కువది కట్టే వీలుంది. అందుకే దస్తావేజు రాసే రోజే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 2001 నాటి విలువ సర్టిఫికెట్ కూడా తీసి లింక్ డాక్యుమెంట్లతో పెట్టేయండి.

పొలమైతే ఊరి దూరం చూడాలి. జనాభా లక్ష నుంచి 10 లక్షల మధ్య ఉన్న పట్టణం హద్దు నుంచి 6 కిలోమీటర్లు, 10 వేల నుంచి లక్ష లోపైతే 2 కిలోమీటర్లు, అదీ రోడ్డు మీద కొలిచింది చెల్లదు, తిన్నగా గీత గీసినట్టు. ఆ బయట ఉన్న వ్యవసాయ భూమి అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ లేదు. శ్రీకాకుళం, విజయనగరం 2011 జనాభా లెక్కల్లోనే లక్ష దాటాయి కాబట్టి వాటికి 6 కిలోమీటర్లు. పలాస-కాశీబుగ్గ, ఆమదాలవలస, ఇచ్ఛాపురం, బొబ్బిలి, రాజాం లాంటివాటికి 2.

మరి ఎవరికి ఏది

ఉండే ఇల్లు ఒక్కటే ఉన్న రిటైర్డు దంపతులు బతికుండగా పూర్తి గిఫ్ట్ రాయొద్దు, నేనైతే ఇది ఖండితంగా చెప్తాను. వీలునామా, లేదా ఇద్దరి పేరునా జీవిత హక్కు ఉంచుకుని సెటిల్‌మెంట్. పిల్లల మధ్య సఖ్యత తక్కువగా ఉంటే రెండోదే మేలు, ఎందుకంటే వీలునామా మీద గొడవ మీరు లేనప్పుడు మొదలవుతుంది, సెటిల్‌మెంట్ మీద గొడవైతే మీరుండగానే బయటపడుతుంది, సమాధానం చెప్పడానికి మీరుంటారు.

షాపు సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. షాపు నడిపే కొడుక్కి సరుకు తేవడానికి ఓడీ, అంటే బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు అప్పు కావాలి, బ్యాంకు వాడి పేరున ఆస్తి అడుగుతుంది, అందుకని గదిని వాడికి ఇప్పుడే గిఫ్ట్ ఇచ్చేయడంలో అర్థముంది. మిగతా ఇద్దరు పిల్లలకి దాని విలువ మేరకి ఇంట్లో వీలునామా ద్వారా సరిచేయండి, ఆ మాట వీలునామాలో రాయండి. కానీ గది ఇవ్వడం వేరు, వ్యాపారం ఇవ్వడం వేరు. మీ జీఎస్టీ నంబరు మీ పాన్ మీద ఉంటుంది, అది కొడుక్కి వారసత్వంగా రాదు. వాడు తన పాన్ మీద కొత్త నంబరు తీసుకుని, మీ ఖాతాలో మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్‌ని, అంటే సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీలో ఇంకా వాడుకోనిదాన్ని, ఐటీసీ-02 ఫారంలో మార్పించుకోవాలి. మీరు పోయాక వాడు అదే వ్యాపారం కొనసాగిస్తే పాత బకాయిలూ వాడి మీదకే వస్తాయి.

పార్ట్‌నర్‌షిప్ పెడదామా అని అడుగుతారు. చిన్న షాపుకి నేను తొందరపడను. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి ఒక మనిషికి 12 లక్షల దాకా ఆదాయం మీద పన్ను ఉండదు, అదే ఫర్మ్‌కి మొదటి రూపాయి నుంచీ 30 శాతం. పార్ట్‌నర్లకి జీతం, వడ్డీ చూపించి తగ్గించుకోవచ్చు, కానీ దానికి ఖాతాలు సరిగ్గా రాయాలి, ఏడాదికి 20,000 దాటితే 10 శాతం టీడీఎస్ కూడా పట్టాలి. టర్నోవరు మీద 6 లేదా 8 శాతం లాభం చూపించే తేలిక పద్ధతి పార్ట్‌నర్‌షిప్‌కి ఉంది కానీ అందులో జీతాలు తగ్గించుకునే వీల్లేదు, పరిమిత బాధ్యత ఉండే పార్ట్‌నర్‌షిప్, అదే ఎల్ఎల్‌పీకైతే ఆ పద్ధతే లేదు. ఇంకొకటి, తండ్రీకొడుకులు ఇద్దరే పార్ట్‌నర్లయితే ఒకరు పోగానే ఫర్మ్ ముగిసినట్టే. బ్యాంకు లిమిట్ పెద్దదై, ఇద్దరు అన్నదమ్ములూ వ్యాపారంలో ఉన్నప్పుడు పార్ట్‌నర్‌షిప్ ఆలోచించండి. మున్సిపల్ కాంప్లెక్స్‌లో లీజు షాపైతే గది మీది కానే కాదు, ముందు లీజు షరతులు చదవాలి.

పొలానికి, అది తాతల నాటిదైతే, అందరూ కూర్చుని రిజిస్టర్డ్ పంపకం. అందరూ ఒక మాట మీదకి రాకపోతే మీ వాటా వరకు వీలునామా. తొందరపడి కొడుకు పేరున మార్చేముందు ఒకటి చూడండి, పీఎం కిసాన్ నిబంధనల్లో భూమి యజమానిగా ఉండాల్సిన కటాఫ్ తేదీ 2019 ఫిబ్రవరి 1, ఆ తర్వాత మారినవాటిలో యజమాని మరణం వల్ల వచ్చిన వారసత్వానికే మినహాయింపు. అంటే గిఫ్ట్ రాస్తే మీకు ఆగిపోయి, వాడికీ రాకపోవచ్చు. భోగాపురం విమానాశ్రయం, మూలపేట పోర్టు చుట్టుపక్కల పొలాలున్నవాళ్లు మాత్రం పేర్లు సరిచేసుకోవడం వాయిదా వేయొద్దు. 2013 భూసేకరణ చట్టం కింద వచ్చే పరిహారానికి ఆదాయపు పన్ను లేదు, కానీ ఆ డబ్బు రికార్డుల్లో పేరున్నవాళ్ల వైపే వెళ్తుంది. భూమి ఎవరిదో చూపించే రెవెన్యూ రికార్డు 1బి ఇంకా తాత పేరు మీదే ఉంటే వారసులు తేలేదాకా డబ్బు చేతికి రాదు.

పొలం ఎలాంటిదైనా దస్తావేజుకి ముందు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా, అదే 22ఏ నిషేధిత జాబితా చూడాలి. విజయనగరం ఎస్టేటు కింద ఉన్న ఊళ్లలో ఇనాం, దేవాదాయ భూములు ఎక్కువ, మీ తాత శిస్తు కట్టిన పొలమే అయినా జాబితాలో ఉండొచ్చు. ప్రభుత్వం పేదలకిచ్చిన డీ పట్టా భూమి వారసులకి వెళ్తుంది, గిఫ్ట్, అమ్మకం విషయం వేరే. మన్యం వైపు ఏజెన్సీ గ్రామాల్లో ఉంటే గిరిజనేతరులకి భూమి బదిలీని అడ్డుకునే 1/70 చట్టం ముందు, మిగతావన్నీ తర్వాత.

పిల్లలు దేశం బయట ఉంటే పంపకానికి వాళ్ల తరఫున ఇక్కడ ఒకరు సంతకం పెట్టడానికి అధికారపత్రం, అదే జీపీఏ కావాలి. అక్కడి భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపిస్తే, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఆ గడువు దాటి తంటాలు పడేవాళ్లు చాలామంది. గిఫ్ట్ పుచ్చుకోవడానికి, వీలునామాలో పేరు రాయడానికి వాళ్లు రావక్కర్లేదు, గిఫ్ట్ స్వీకరించినట్టు మాత్రం ఏదో రూపంలో ఉండాలి.

మన ఉదాహరణ ఇంటికి వస్తే, నేనైతే షాపు గది పెద్దవాడికి చూసుకోవాలన్న షరతుతో గిఫ్ట్, ఇల్లు దంపతులిద్దరికీ జీవిత హక్కు ఉంచి చిన్నవాడికీ అమ్మాయికీ చెరి సగం సెటిల్‌మెంట్, పొలం తండ్రీ ముగ్గురు పిల్లలూ రిజిస్టర్డ్ పంపకం, ఆయన వాటాకి భార్య పేరున వీలునామా అంటాను. ఆయన పాతికేళ్ల నాటి ఇంటి అప్పు ఇంకా బ్యాంకులో ఉంటే అది తీరాకే, లేదా అభ్యంతరం లేదని బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ తీసుకున్నాకే ఇదంతా.

రిజిస్ట్రేషన్ అయ్యాక పని సగమే అయినట్టు. సంతకం పెట్టిన దస్తావేజుని నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కి ఇవ్వాలి. తర్వాత పొలమైతే రికార్డుల్లో పేరు మార్పు, అదే మ్యుటేషన్ పెట్టి మీ భూమి వెబ్‌సైట్‌లో అడంగల్, 1బి మారాయో లేదో చూడాలి, ఇల్లూ షాపూ అయితే మున్సిపాలిటీలో ఇంటి పన్ను పేరు, కరెంటు మీటరు పేరు, నీటి కుళాయి పేరు మార్పించాలి. వీలునామా మాత్రం రిజిస్టర్ చేయించి, అసలు కాగితం ఎక్కడుందో పుచ్చుకునేవాళ్లలో కనీసం ఒకరికి చెప్పి పెట్టండి.